ఆక్టోపస్‌లకు ఇళ్లిచ్చే ఊరు

మన దగ్గర ఆక్టోపస్ అనగానే ముందు గుర్తొచ్చేది పోలీసు కమాండోలు. ఆ తర్వాత 2010 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌లో ఎవరు గెలుస్తారో ‘ముందే చెప్పేసిన’ పాల్. ఆ పాల్ పుణ్యమా అని మన ఎన్నికల జోస్యాలకు కూడా ‘ఆంధ్రా ఆక్టోపస్’ అని ఓ బిరుదు పుట్టుకొచ్చింది. అసలు ఆక్టోపస్‌ని మాత్రం మనలో చాలామంది రీల్స్‌లోనే చూసుంటారు. జపాన్‌లోని అకాషికి వెళ్లేదాకా నా పరిస్థితీ అంతే.

కోబె నగరానికి పడమర వైపు, సముద్రాన్ని ఆనుకుని ఉంటుంది అకాషి. ఒసాకాలో స్పెషల్ రాపిడ్ రైలెక్కితే 40 నిమిషాల్లో దిగొచ్చు. 135 డిగ్రీల తూర్పు రేఖాంశం ఈ ఊరి మీదుగానే పోతుంది. జపాన్ దేశమంతా గడియారాలు పెట్టుకునేది ఆ గీతను బట్టే. మన ఐఎస్‌టీ గీత కాకినాడ పక్క నుంచి పోయినట్టన్నమాట. ఊరికి ఎదురుగా జలసంధి, దాని మీద 3,911 మీటర్ల వేలాడే వంతెన. రెండు టవర్ల మధ్య దూరంలో 1998 నుంచి 2022 దాకా ప్రపంచ రికార్డు దీనిదే.

టూరిస్టులు సెల్ఫీలు దిగేది ఆ బ్రిడ్జితో. ఊరివాళ్లు గొప్పగా చెప్పుకునేది మాత్రం దాని కింద బతికేవాటి గురించి. ఈ జలసంధిలో నీళ్లు నదిలా పరిగెడతాయి. ఆ వడికి కొట్టుకుపోకుండా నేలను గట్టిగా పట్టుకుని, పీతల్నీ రొయ్యల్నీ తిని పెరగడం వల్ల ఇక్కడి ఆక్టోపస్‌ల కాళ్లు పొట్టిగా, దిట్టంగా ఉంటాయట. ‘మా ఆక్టోపస్ పాకదు, నిలబడి నడుస్తుంది’ అని అకాషివాళ్లు అంటారు. మన దగ్గర గోదావరి పులస గురించి చెప్పేటప్పుడు గొంతులో వచ్చే దర్జా ఉంటుంది చూడండి, సరిగ్గా అదే.

మధ్యాహ్నం మొదలయ్యే చేపల సంత

స్టేషన్ నుంచి నాలుగైదు నిమిషాలు నడిస్తే ఉవొనోతానా వస్తుంది. పైన కప్పు, రెండువైపులా అంగళ్లు ఉన్న పొడవాటి వీధి. 400 ఏళ్ల కిందట ఊళ్లో కోట కట్టినప్పటి నుంచీ ఇక్కడ చేపలే అమ్ముతున్నారు. చేపల మార్కెట్ అంటే తెల్లవారుజామున లేవాలనుకుంటాం కదా. ఇక్కడ ఆ బాధ లేదు. పొద్దున పట్టిన చేపల్ని ప్రాణంతోనే రేవుకు తెచ్చి, మధ్యాహ్నానికి కాస్త ముందు వేలం వేస్తారు. భోజనాల వేళకల్లా అవి అంగళ్లలో ఉంటాయి.

ఒసాకాలో ఉద్యోగం చేస్తున్న ఫ్రెండ్ నాతో వచ్చింది. జపనీస్ మాట్లాడే పని ఆమెది, నోరెళ్లబెట్టి చూసే పని నాది. ఓ అంగట్లో తట్టలోంచి ఆక్టోపస్ ఒకటి మెల్లగా కాలు బయటపెట్టింది. తర్వాత ఇంకోటి. అంచు మీదుగా జారి నేల మీదకు దిగబోతుంటే, అంగడి పెద్దావిడ ఫోన్‌లో మాట్లాడుతూనే దాన్ని తీసి మళ్లీ తట్టలో పడేసింది. నిమిషం తిరక్కముందే ఆ కాలు మళ్లీ అంచు మీదుంది.

కాలు అంటున్నాం గానీ, దాన్ని సగం మెదడు అనాలేమో. ఆక్టోపస్‌కి 50 కోట్ల దాకా నాడీకణాలుంటాయి. వాటిలో మూడింట రెండు వంతులు చేతుల్లోనే ఉంటాయి. తల ఓ పని మీదుంటే, చేయి తన పాటికి తాను తడిమి, రుచి చూసి, పట్టు బిగించేస్తుంది. మూడు గుండెలు, నీలిరంగు రక్తం, ఎముక లేని ఒళ్లు. గట్టిగా ఉండేది చిలక ముక్కు లాంటి ఆ నోరు ఒక్కటే. అది పట్టే సందు దొరికితే చాలు, ఒళ్లంతా దాని వెంటే దూరిపోతుంది.

ఎర ఎందుకు, ఇల్లు చాలదూ?

ఇంత తెలివైనదాన్ని ఎలా పడతారు? జవాబు ఓ అంగడి ముందు బోర్లించి ఉంది. మట్టికుండ. మూతి కాస్త ఇరుకు, కింద గుండ్రటి బాన పొట్ట. జపనీస్‌లో దీన్ని తకోత్సుబో అంటారు. పొడవాటి మోకుకు వరసగా కుండలు కట్టి సముద్రం అడుగుకు దించుతారు. అంతే. పాత పద్ధతిలో ఎర ఉండదు, తలుపు ఉండదు, ముల్లు ఉండదు.

ఆక్టోపస్‌కి పెంకు లేదు. తినేవాళ్లేమో బోలెడుమంది. అందుకే చీకటి సందు కనిపిస్తే దాన్ని ఇల్లు చేసుకుంటుంది. కుండ చూసి ‘అబ్బ, భలే ఇల్లు దొరికిందే’ అనుకుని దూరుతుంది. తర్వాత కుండను పైకి లాగుతుంటే ఈదుకుంటూ బయటికి పోవచ్చు, దారి తెరిచే ఉంది. కానీ పోదు. భయం వేసేకొద్దీ గోడకు ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. ఇల్లే కదా కాపాడేది అని దాని లెక్క. ఒసాకా తీరం వెంబడి తవ్వకాల్లో 2,000 ఏళ్ల నాటి చిన్న ఆక్టోపస్ కుండలు దొరికాయి. అన్నేళ్లుగా మనిషి దాని ఆకలి మీద కాదు, దాని భయం మీద వల వేస్తున్నాడు.

హైకూ కవి బషో కూడా 1688లో ఇక్కడికొచ్చి ఈ కుండల మీద ఓ హైకూ రాశాడు. డాక్టర్లూ ఈ కుండను వదల్లేదు. బాగా కావాల్సినవాళ్లు పోయినప్పుడో, పెద్ద షాక్ తగిలినప్పుడో కొందరికి గుండె కింది భాగం ఉబ్బి, పైన మెడలా సన్నబడుతుంది. స్కాన్‌లో అచ్చం ఈ కుండలాగే కనిపిస్తుంది. 1990లో జపాన్ వైద్యులు దానికి తకోత్సుబో అనే పేరు పెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా అదే పేరు. వాడుకలో ‘బ్రోకెన్ హార్ట్ సిండ్రోమ్’ అంటారు. చాలామందికి కొన్ని వారాల్లో గుండె మళ్లీ మామూలు ఆకారానికి వచ్చేస్తుంది.

పూలగుత్తుల్లాంటి గుడ్లు

ఆక్టోపస్ బతికేది ఏడాది, మహా అయితే రెండేళ్లు. ఆడది ఏ రాతి సందులోనో, కుండలోనో చేరి లక్షకు పైగా గుడ్లు పెడుతుంది. ఒక్కోటి బియ్యపు గింజంత. దారాలకు గుచ్చినట్టు కప్పు నుంచి గుత్తులుగా వేలాడతాయి. వసంతంలో జపాన్‌లో ఊదారంగు పూలతీగలు అలాగే వేలాడతాయి. అందుకే అకాషిలో ఆ గుడ్లకు ‘సముద్రపు పూలు’ అని అర్థం వచ్చే పేరుంది, కైతోగె అని.

గుడ్లు పెట్టాక తల్లి తిండి మానేస్తుంది. వాటి మీద మంచి నీటిని ఊదుతూ, నాచు పట్టకుండా తుడుస్తూ, వచ్చినవాళ్లని తరుముతూ నెలరోజులు అక్కడే ఉంటుంది. పిల్లలు బయటికొచ్చే సమయానికి చిక్కి శల్యమై చచ్చిపోతుంది. 1977లో జెరోమ్ వోడిన్‌స్కీ అనే శాస్త్రవేత్త మరో జాతి ఆక్టోపస్‌లో కళ్ల దగ్గరున్న చిన్న గ్రంథుల్ని తీసి చూశాడు. ఆ తల్లి గుడ్లను వదిలేసి, మళ్లీ తినడం మొదలుపెట్టి, చాలాకాలం బతికింది. అంటే తల్లి చావు గడియారం దాని ఒంట్లోనే ఉందన్నమాట.

గాలిపటం, గ్రంథం, వరినాట్లు

ఇంత వింత జీవి చుట్టూ కథలు పుట్టకుండా ఉంటాయా? జపనీస్‌లో ‘తకో’ అంటే ఆక్టోపస్, ‘ఇకా’ అంటే స్క్విడ్. గాలిపటాన్ని కూడా తకో అనే అంటారు. పూర్వం దాన్ని ఇకా అనేవారట. తోకలు వేలాడుతుంటే స్క్విడ్‌లాగే ఉంటుంది మరి. గాలిపటాలు గొడవలకు దారితీస్తున్నాయని ఇప్పటి టోక్యోలో ప్రభుత్వం ‘ఇకా’లను నిషేధించిందనీ, జనం ‘అయ్యా, ఇది ఇకా కాదు, తకో’ అని ఎగరేశారనీ ఓ కథ చెబుతారు. జీవో వస్తే అందులో సందు వెతకడం మనకొక్కళ్లకే వచ్చిన విద్య కాదు!

ఇంకో కథ కోసం అకాషి నుంచి అదే రైల్లో గంటకు పైగా వెళ్లి క్యోటోలో దిగాం. షిన్‌క్యోగొకు అనే రద్దీ షాపింగ్ వీధిలో బట్టల కొట్ల మధ్య ఓ చిన్న గుడి. పేరు తకో యకుషి, ఆక్టోపస్ వైద్య బుద్ధుడు అనుకోవచ్చు. 13వ శతాబ్దంలో జెంకో అనే భిక్షువు తల్లికి జబ్బు చేసింది. చిన్నప్పటి నుంచీ ఇష్టమైన ఆక్టోపస్ తింటే తగ్గుతుందేమో అందామె. భిక్షువు మాంసం కొనకూడదు. అయినా తల్లి కోసం కొని పెట్టెలో పెట్టుకొస్తుంటే జనం పట్టుకుని, తెరిచి చూపించమన్నారు. ఆయన బుద్ధుణ్ని తలుచుకుని మూత తీస్తే, ఎనిమిది కాళ్లూ ఎనిమిది గ్రంథపు చుట్టలై వెలిగాయట. తల్లికి జబ్బు నయమైంది. గుడిలో చెక్కతో చేసిన ఆక్టోపస్ ఉంది. జబ్బుపడినవాళ్లు దాన్ని చేత్తో నిమురుతారు. జనం తాకీ తాకీ నున్నగా తయారైంది.

నాకు బాగా నచ్చింది మాత్రం రైతుల ఆచారం. జూన్ నెలాఖరుకు వరినాట్లు పూర్తి చేసి, జులై 2కి అటూ ఇటూగా వచ్చే ‘హంగెషో’ అనే రోజున ఈ ప్రాంతంలో ఆక్టోపస్ తింటారు. నాటిన నారు ఆక్టోపస్ కాళ్లలా నేలను గట్టిగా పట్టుకోవాలని. మనకు ఏరువాక పున్నమి ఉన్నట్టే వాళ్లకిది.

తిన్నానా, లేదా?

తిన్నాను. అకాషియాకి అని, మన గుంత పొంగడాల పెనం లాంటి రాగి పెనం మీద వేస్తారు. గుడ్డు ఎక్కువ, పిండి తక్కువ, మధ్యలో ఆక్టోపస్ ముక్క. వాలుగా ఉన్న చెక్కపలక మీద పెట్టిచ్చి, పక్కన దాషి అనే పల్చటి చారు ఇస్తారు. ముంచుకుని నోట్లో పెట్టుకుంటే కరిగిపోతుంది, ముక్క ఒక్కటే పంటికి తగులుతుంది. ఇప్పుడు లోకమంతా తెలిసిన తకోయాకి 1935లో ఒసాకాలో పుట్టింది దీన్ని చూసే. తట్టలోంచి బయటికొచ్చిన ఆ కాలు గుర్తొచ్చి రెండో ప్లేటు చెప్పలేకపోయాను. ఫ్రెండ్‌కి అలాంటి ఇబ్బందేం లేదు.

ఆ ప్లేటు ధర ఏటా పెరుగుతోందని అంగడివాళ్లు అన్నారు. కారణం, సముద్రంలో ఆక్టోపస్‌లు తగ్గిపోవడం. జపాన్‌లో తకోయాకిలోకి వెళ్లే ముక్కల్లో చాలాభాగం ఆఫ్రికాలోని మౌరిటానియా, మొరాకోల నుంచి వస్తుంది. ఊరి పేరే ఆక్టోపస్‌తో ముడిపడిన చోట వలలు తేలిగ్గా పైకొస్తుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇంతకుముందూ ఓసారి ఇలాగే జరిగింది. 1963లో విపరీతమైన చలికి ఇక్కడి ఆక్టోపస్‌లు దాదాపు తుడిచిపెట్టుకుపోతే, దక్షిణాన అమకుసా నుంచి తెచ్చి వదిలారు.

ఈసారి చిక్కు వేరు. నీళ్లు వేడెక్కాయి, వేట పెరిగింది, వీటితోపాటు సముద్రం మరీ శుభ్రమైపోయింది! ఫ్యాక్టరీల మురికితో ఒకప్పుడు ఈ సముద్రం ఎర్రగా మారి చేపలు చచ్చేవి. 1970ల నుంచి గట్టి చట్టాలు తెచ్చి కడిగేశారు. అయితే మురికితోపాటు నత్రజని లాంటి పోషకాలూ తగ్గిపోయాయి. పోషకాలు లేకపోతే సూక్ష్మజీవులకు తిండి లేదు, అవి లేకపోతే పీతలకు లేదు, పీతలు లేకపోతే ఆక్టోపస్‌కి లేదు. దాంతో 2021లో చట్టాన్నే మార్చి, పోషకాలను లెక్కప్రకారం సముద్రంలోకి వదిలే వీలు కల్పించారు.

అకాషి జాలర్లు చట్టం వైపు చూస్తూ కూర్చోలేదు. చలికాలంలో రైతులతో కలిసి చెరువుల్లోకి దిగి, అడుగున పేరుకున్న మట్టిని కదిపి ఆ నీళ్లను సముద్రానికి వదులుతున్నారు. మనం చెరువు పూడిక తీసి పొలాలకు తోలతాం, వాళ్లు సముద్రానికి తోలుతున్నారు. పడవలకు ఇనుప పళ్ల పనిముట్లు కట్టి సముద్రం అడుగును దున్నుతున్నారు కూడా. ఇంకోటి, కుండలు దించుతున్నారు. అవి పట్టడానికి కాదు. ఆడ ఆక్టోపస్‌లు గుడ్లు పెట్టుకోవడానికి. ఆ కుండల్ని మళ్లీ పైకి లాగరు.

మీరెప్పుడైనా వెళ్తే జూన్, జులైల్లో వెళ్లండి, ఆక్టోపస్ సీజన్ అప్పుడే. మార్కెట్‌కి మధ్యాహ్నం దాటాకే పోండి. తినడం, మానడం మీ ఇష్టం. రేవు వైపు నడిస్తే గోడ పక్కన పేర్చిన కుండలు కనిపిస్తాయి. వాటిలో ఏది పట్టేదో, ఏది కాపాడేదో దించే జాలరికి తెలుసు. లోపలికి దూరే ఆక్టోపస్‌కి రెండూ ఇళ్లే.