ప్లగ్ తీసినా షాక్ కొడుతుంది!

ఫోన్ చార్జర్ ప్లగ్ తీసేస్తే ఇక భయం లేదు. పాత వాల్వ్ యాంప్లిఫయర్‌తో అలా కుదరదు. ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో మనిషి ప్రాణం తీసేంత చార్జ్ నిలిచే ఉంటుంది.

నేను బాగుచేసింది హీత్‌కిట్ ఎస్‌బి-200. 1960ల నాటి అమెరికన్ సరుకు. విడిభాగాలు డబ్బాలో వచ్చేవి, కొన్నవాళ్లే సోల్డరింగ్ చేసి బిగించుకునేవాళ్లు. హామ్ రేడియో సెట్ ఇచ్చే సిగ్నల్‌ని ఇందులోని రెండు 572బి వాల్వులు పెంచి యాంటెన్నాకి పంపుతాయి. వాటికి దాదాపు 2,400 వోల్టులు కావాలి. మన ఇంటి సాకెట్‌లో వచ్చేది 230.

ఇది మా మాస్టారిది. నాకు మోర్స్ కోడ్ నేర్పింది ఆయనే. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, స్క్రూడ్రైవర్ పట్టలేరు. కానీ దూరదేశాల్లోని పాత స్నేహితులకి ఆయన గొంతు గట్టిగా వినపడాలంటే ఇది పనిచేయాలి.

స్విచ్ వేస్తే మీటర్‌లో వోల్టేజ్ బాగానే కనిపిస్తోంది. మైక్‌లో మాట్లాడగానే దబ్బున పడిపోతోంది. మాటతో పాటు గుర్రుమని హమ్ కూడా. ఇలాంటప్పుడు చాలామంది ముందు వాల్వులనే అనుమానిస్తారు. ఖరీదైనవీ అవే. మాస్టారు మాత్రం, "ముందు పవర్ సప్లై చూడరా" అన్నారు.

ప్లగ్ పీకాం. మీటర్ సూది దిగుతూ దిగుతూ సున్నాకి రాకుండా మధ్యలోనే ఆగింది. పొడుగు ప్లాస్టిక్ పిడి ఉన్న ఎర్త్ రాడ్‌ని హైవోల్టేజ్ పాయింట్‌కి తాకించాను. టప్పుమని నిప్పురవ్వ! ఆ తర్వాత ఒక్కో కెపాసిటర్‌నీ అలాగే ఖాళీ చేశాను. ఎడమచెయ్యి జేబులోనే. రెండు చేతులూ లోపల పెడితే షాక్ గుండె మీదుగా పోయే ప్రమాదం ఉంది. నా చెయ్యి లోపలికి వెళ్లిన ప్రతిసారీ కుర్చీలోంచి ఒకటే ప్రశ్న: "రాడ్ తాకించావా?"

లోపల వరుసగా ఆరు కెపాసిటర్లు. ఒక్కోటి 450 వోల్టులే తట్టుకుంటుంది కాబట్టి ఆరూ కలిసి భారం పంచుకుంటాయి. ఆ పంపకం సమానంగా ఉండేలా ప్రతిదానికీ ఒక రెసిస్టర్. ప్లగ్ తీశాక చార్జ్‌ని ఖాళీ చేసేదీ అదే. మల్టీమీటర్ పెట్టి చూస్తే ఒక రెసిస్టర్ తెగిపోయి ఉంది. దాని కెపాసిటర్ ఎండిపోయి, పైన ఉబ్బింది. సూది ఎందుకు ఆగిందో అప్పుడర్థమైంది. మాస్టారు అన్నిసార్లు ఎందుకు అడిగారో కూడా.

ఆరు కెపాసిటర్లూ, ఆరు రెసిస్టర్లూ కొత్తవి వేశాం. వాల్వులు పాతవే. ఈసారి మాట్లాడితే సూది నిలబడింది. సాయంత్రం 14 మెగాహెర్ట్జ్‌లో మాస్టారు పిలిచిన రెండో పిలుపుకే జవాబొచ్చింది. హమ్ లేదు. నవ్వు మాత్రం వినపడింది.

ఇలాంటి పెట్టె మీ చేతికొస్తే సంతోషంగా తీసుకోండి. మూత మాత్రం ఒంటరిగా విప్పకండి. "రాడ్ తాకించావా?" అని అడిగే మనిషి పక్కన ఉండాల్సిందే.