బయటికి చెప్పుకోలేని పుండు

కుటుంబ పత్రికలో ఇటువంటి సంగతి వ్రాయవచ్చునా అని కొందరికి అనిపించవచ్చు. మోకాలు నొప్పి, కన్ను మసక అని సంఘములో ప్రార్థన మనవి చెప్పుకుంటాము గాని, మలద్వారం దగ్గర చీము కారుతున్నదని ఎవరు లేచి చెబుతారు? చెప్పరు గనుకనే వ్రాస్తున్నాను. ఏడేండ్లుగా నేను ఈ వ్యాధితో ఉన్నవాడను.

దీని పేరు క్రోన్స్ వ్యాధి. 1932లో న్యూయార్కులో బరిల్ క్రోన్ అనే వైద్యుడు, మరి ఇద్దరు తోటివారు దీనిని వివరించి ప్రకటించారు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ శక్తి సొంత పేగుల మీదికే తిరుగుతుంది. కొందరిలో లోపలి పుండు సొరంగంలాగా తొలుచుకొని మలద్వారం ప్రక్కన చర్మం మీద తెరుచుకుంటుంది. డాక్టర్లు దానిని ఫిస్టులా అంటారు. మనవారు భగందరమనీ, లూటీ అనీ అంటారు. ఇది అంటువ్యాధి కాదు. ఎవరి పాపానికీ శిక్ష కాదు. ఆ మాట నా మొహం మీదనే అన్నవారున్నారు గనుక చెబుతున్నాను.

నాకు మొదట సెగగడ్డ వంటి వాపు వచ్చింది. మొలలని చెప్పి ఒకచోట కోశారు. అది మానకముందే ప్రక్కన ఇంకొకటి లేచింది. నీళ్ల విరేచనాలు, బరువు తగ్గడం అప్పటికే ఉన్నవి గాని, వాటికీ పుండుకూ సంబంధమున్నదని ఎవరికీ తోచలేదు. పట్టణంలో కొలనోస్కోపీ చేసి, ఎం.ఆర్.ఐ. తీసి సొరంగం ఎటు పోయినదో చూసిన తరువాతనే అసలు పేరు తెలిసింది.

ఆ డాక్టరుగారు చీము తీసి, సొరంగం గుండా మెత్తని దారం దూర్చి, ఉంగరంలాగా వదులుగా ముడివేశారు. దానిని సీటన్ అంటారు. "ఇదేమి వైద్యమండీ, పుండులో దారం వదిలేశారు?" అని నా భార్య అడిగింది. పై ద్వారం మూసుకుంటే లోపల చీము నిలిచి మరల గడ్డ అవుతుంది. దారం ఉంటే, చేలో నీరు నిలువకుండా గట్టుకు గండి పెట్టినట్టు, చీము కారిపోతుంది. మామూలు భగందరాన్ని కోసి తెరుస్తారు. క్రోన్స్‌లో అలా కోస్తే పుండు మానకపోవచ్చు, మలాన్ని ఆపుకునే కండరం చెడిపోవచ్చు.

మెట్రోనిడజోల్ వంటి మాత్రలు చీమును తగ్గిస్తాయి గాని వ్యాధిని అణచవు. అందుకు ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడలిముమాబ్ అనే ఇంజెక్షన్లున్నవి. మన దేశంలోనే తయారైనవి వచ్చిన తరువాత ఖరీదు కొంత దిగింది. అయినా పల్లె కుటుంబానికి బరువే. ఇవి మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. లోపల దాగిన క్షయను ఇవి లేపగలవు.

ఇంటి దగ్గర పని చిన్నదే గాని నిత్యమూ ఉంటుంది. టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసుకొని పది పదిహేను నిమిషాలు కూర్చోవడం, మెత్తగా అద్ది తుడుచుకోవడం, గుడ్డ మార్చుకోవడం. గుడ్డలు చాలక స్త్రీలు వాడే ప్యాడ్లే తెచ్చుకున్నాను. మందుల షాపు అబ్బాయి పేపరులో చుట్టి, "అమ్మగారికా అయ్యగారూ?" అన్నాడు. "నాకే" అన్నాను. ఆ రోజు నుండి సిగ్గు సగం పోయింది. గృహకూటాలలో చాప మీద గాక కుర్చీలో కూర్చుంటాను. జ్వరం, పోటు, గట్టి వాపు వస్తే ఆదివారమైనా సరే, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. బీడీ, సిగరెట్టు ఈ వ్యాధిని మరింత రేపుతాయి.

నిరుడు మా సంఘములోని ఒక యువకుడు ఆరాధన తరువాత చాలాసేపు నిలువబడి, అందరూ వెళ్లాక, "అయ్యగారూ, నాకూ అక్కడే..." అన్నాడు. వెంటబెట్టుకొని తీసుకువెళ్లాను. పరీక్షలలో తేలినది క్రోన్స్ కాదు, క్షయ. అదీ అదే చోట అటువంటి సొరంగమే చేయగలదట. ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితంగానే ఇచ్చారు. కోర్సు పూర్తి చేసి, ఇప్పుడు మరల ట్రాక్టరు తోలుతున్నాడు.