స్లైడు మీద కనబడని కొవ్వు

చర్మం ముక్కను బయాప్సీకి పంపితే ల్యాబులో దాన్ని ఆల్కహాలులోను, ఆ తర్వాత జైలీన్‌లోను ముంచుతారు. కొవ్వంతా అక్కడే కరిగిపోతుంది. స్లైడు మీద చర్మం పైపొర బుట్ట అల్లికలా ఖాళీ ఖాళీగా కనబడుతుంది. చాలాకాలం వైద్యులు దాన్ని రాలిపోయే చచ్చిన పొట్టుగానే లెక్కగట్టారు. నిజానికి ఆ సందుల నిండా సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు దొంతర్లుగా ఉంటాయి. ఒంట్లో నీరు ఆవిరైపోకుండా ఆపేవి అవే. ఒక్కో దొంతర సుమారు 13 నానోమీటర్లు. మామూలు మైక్రోస్కోపు చూపు 200 దగ్గరే ఆగిపోతుంది. 1987లో రుథీనియం టెట్రాక్సైడ్ పట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసినప్పుడు అవి చెక్కుచెదరకుండా కనబడ్డాయి.

విడవలూరు చుట్టుపక్కల రొయ్యల పనికి పోయే ఆడవాళ్ల చేతులు చూసినప్పుడల్లా నాకు ఆ స్లైడే గుర్తొస్తుంది. పొద్దుటి నుంచి ఐసు నీళ్లలో తలలు తీస్తారు. ఇంటికొచ్చి నీచు వాసన పోయేదాకా బట్టల సబ్బుతో రుద్దుతారు. స్లైడు మీద జైలీన్ చేసిన పనిలో కొంత బతికున్న చేతి మీద సబ్బు చేస్తోంది. ఒకామె వేళ్ల పగుళ్ల నుంచి గీరిన పొట్టును పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కతో చూశాను. ఫంగస్ లేదు. అప్పటికే మెడికల్ షాపులో ఇచ్చిన స్టీరాయిడ్ కలిసిన ట్యూబు నెలల తరబడి రాస్తోంది. దాంతో మంట తగ్గుతుంది గాని, ఏళ్లూపూళ్లూ రాస్తే చర్మం కొవ్వు తయారుచేసుకోవడమే మందగిస్తుంది. ఈ ట్యూబులు చీటీ లేకుండా అమ్మడం ఆపాలి. పెట్రోలియం జెల్లీ, నూలు గ్లౌజుల మీద రబ్బరు గ్లౌజులు రాసిచ్చాను.

"గ్లౌజులేసుకుంటే చెయ్యి ఆడదు సార్, కేజీలు తగ్గిపోతాయి" అంది.

కేజీల లెక్కన కూలి ఇచ్చేచోట ఆ మాట కాదనలేం. పనికి ముందు, తర్వాత జెల్లీ రాసుకోమని, సబ్బు మానెయ్యమని చెప్పాను. పగుళ్లు చాలావరకు పూడాయి.

రామతీర్థం వైపు నుంచి తెచ్చిన ఒక పిల్లాడి సంగతి వేరు. పసితనం నుంచి కాళ్ల మీద పొలుసులు, అరచేతుల్లో ఒత్తుగా గీతలు. ఇలాంటి చర్మం ఉన్నవాళ్లలో ఫిలాగ్రిన్ అనే ప్రొటీను జన్యువులోనే లోపం ఉంటుందని 2006లో స్కాట్లండ్‌లోని డండీ శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ ప్రొటీను విరిగితే వచ్చే పదార్థాలే కణంలో తేమను పట్టి ఉంచుతాయి. అవి తక్కువైన కణాలను టేపుతో ఊడదీసి అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు కింద పెడితే, పైన సన్నని బొడిపెలు తేలతాయి. చర్మం కొయ్యకుండా, పిల్లాడికి నొప్పి లేకుండా జరిగే ఇలాంటి పరీక్ష జిల్లా ఆసుపత్రుల దాకా రావాలని నాకు గట్టి కోరిక.

"పెద్దయితే పోద్దా సార్?" అని తల్లి అడిగింది. జన్యువు మారదమ్మా, స్నానం కాగానే తడి ఆరకముందే జెల్లీ పట్టించు, చలికాలంలో రెండు పూటలా, అని చెప్పాను.