డబ్బాలో రాని కరెంటు

పోయిన జుమా నమాజ్ అయ్యాక అబ్బాతో దోర్నాల సెంటర్లో చాయ్ తాగుతున్నా. శ్రీశైలం బస్సొకటి పొగ వదులుతూ ఘాట్ వైపు మళ్లింది. అబ్బా రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. ముప్పై ఏళ్లు అదే రోడ్డు మీద లారీ నడిపిన మనిషి. ఇప్పుడు మసీదు మెట్లు నాలుగు ఎక్కితే దమ్ము అందదు. పొగే కారణమని డాక్టర్ సాబ్ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.

"మనకూ కరెంటు బస్సులొస్తే బాగుండు అబ్బా" అన్నా.

"డీజిల్ ఖతమైతే డబ్బాలో తెస్తారు బేటా. ఘాట్‌లో కరెంటు ఖతమైతే దేన్లో తెస్తావ్?"

జవాబు లేక ఇంటికొచ్చి, విలేకరి అలవాటు కొద్దీ హిసాబ్ వేశా.

ఘాట్‌కి కరెంటు బస్సు కొత్త కాదు. 2022 సెప్టెంబర్‌లో మన ఆర్టీసీ తిరుపతి–తిరుమల మధ్య మొదలుపెట్టింది. ఆ కొండ సుమారు 700 మీటర్ల ఎక్కుడు. జనంతో కలిపి బండి 13 టన్నులనుకుంటే, ఆ బరువును అంత ఎత్తుకు లేపడానికే 25 యూనిట్లు కావాలి. ఏసీ, టైర్ల రాపిడి ఖర్చు దాని పైన. దిగేటప్పుడు మోటారే జనరేటర్ అవుతుంది. బ్రేకుల్లో వేడిగా పోయేదాంట్లో కొంత బ్యాటరీకి వాపసొస్తుంది. షరతు ఒక్కటే: పైన బ్యాటరీని నిండా నింపితే ఆ వాపసుకు జాగా ఉండదు.

అబ్బాకు చెబితే కళ్లు మెరిశాయి. "దిగుడులో బ్రేకులు కాలి వాసనొచ్చేవి. ఇన్నేళ్లూ అదంతా ముఫ్త్‌గా పోగొట్టానన్నమాట!"

ఇక మన దోర్నాల సంగతి. శ్రీశైలం ఇక్కణ్ణించి యాభై కిలోమీటర్ల దూరం. పులుల అడవి కాబట్టి రాత్రి 9కి గేటు పడుతుంది, పొద్దున 6కి తీస్తారు. ఆ తొమ్మిది గంటలూ బస్సు ఎలాగూ కదలదు. ఛార్జింగ్‌కి అదే వక్త్. పది బస్సులకు తలా 150 యూనిట్లనుకుంటే రాత్రంతా 170 కిలోవాట్ల దాకా ఆగకుండా అందాలి. అందుకు డిపోకు సొంత ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. గాలివానకు లైను తెగితే ఇంకో దారి కూడా ఉండాలి.

నా ఫికర్ బస్సు గురించి కాదు, ఖాలా గురించి. సున్నిపెంట నుంచి మార్కాపురం ఆసుపత్రికి వచ్చి పోతుంటుంది. సాయంత్రం ఒక్క ఛార్జర్ ముందు నాలుగు బస్సులు లైను కడితే ఆమె బస్సు గేటు దాటదు. అరవై ఐదేళ్ల మనిషి దోర్నాల బస్టాండ్ బెంచీ మీద తెల్లారబెట్టాలి. కాబట్టి బస్సులు కొనేముందు ఛార్జర్లు లెక్కపెట్టాలి. ఆఖరి ట్రిప్పు బండిని మధ్యాహ్నమే నింపి పక్కన పెట్టాలి.

రాత్రి ఇషా అయ్యాక అబ్బాకు జవాబిచ్చా. "మీరన్నది నిజమే, డబ్బాలో రాదు. అందుకే సహరీ లాగా ముందే నింపుకోవాలి."

"అయితే బస్సుకు రోజా అన్నమాట" అన్నారు అబ్బా. నవ్వబోయి, దగ్గారు. చాలాసేపు దగ్గారు.