చెప్పడానికి ముప్పావుగంట ఆగాను

"అమెరికాలో అయిదేళ్లున్నారు కదా వదినా, నయాగరా చూశారా?" అని మొన్న జగిత్యాలలో ఒక పెళ్లిలో అడిగారు. చూడలేదు. మేమున్న ఒహాయో నుంచి కారులో పోతే అంత దూరం కాదట. మాకు కారు లేదు, శని ఆదివారాలు సెలవు లేదు. అందరికీ సెలవున్న రోజే గుడికి పని ఎక్కువ. నేను చూసిన అమెరికా అంతా ఆ గుడి వంటిల్లు, దాని పక్కన మాకిచ్చిన రెండు గదులు, మధ్యన మంచు.

మా వారిది ధర్మపురి. గోదావరి ఒడ్డున పౌరోహిత్యం వాళ్ల ఇంట్లో తాతల నాటి నుంచి ఉంది. ఆయనకు యాభై ఆరేళ్లప్పుడు, 2013లో, తెలిసినవాళ్ల ద్వారా పిలుపు వచ్చింది. తెలుగువాళ్లు కట్టుకున్న గుడి, స్మార్తం తెలిసిన పెద్దమనిషి కావాలన్నారు. పిల్లలు స్థిరపడ్డారు. మా అత్తమ్మ గట్టిగానే ఉంది, మరిది పక్కనే ఉన్నాడు. "దేవుని పనే కదా, పోయి రాండ్రి" అన్నది ఆమె. అట్లా పోయాం.

మత సేవకుల వీసాకు మొదట రెండున్నరేళ్లు ఇస్తారు, తర్వాత ఇంకో రెండున్నరేళ్లు పొడిగిస్తారు. మొత్తం అయిదేళ్లు. నాది ఆయన మీద ఆధారపడిన వీసా, జీతానికి పని చేయరాదు. సరే, జీతం లేకుండా చేయడం మనకు కొత్తా? ముప్పై ఏళ్ల అనుభవం!

రోజు ఎట్లా గడిచేదో చెప్తాను. నాలుగున్నరకు లేవడం, తలస్నానాలు. ధోతి మీద పెద్ద కోటు వేసుకొని ఆయన, చీర మీద స్వెట్టరు, కాళ్లకు సాక్సులతో నేను, అరవై అడుగుల దూరం నడిచి గుడి తలుపు తీసేవాళ్లం. జనవరిలో ఆ అరవై అడుగులే ఒక యాత్ర. సుప్రభాతం, అభిషేకం, నైవేద్యం. పన్నెండు దాకా ఎవరూ వచ్చేవారు కాదు. దేవుడు, మేమిద్దరం. ధర్మపురిలో పొద్దున్నే నది ఒడ్డున జనం సందడి చూసిన మనిషి ఆ ఖాళీ హాల్లో ఒక్కడే గంట కొడుతుంటే నాకు మొదట్లో ఏడుపు వచ్చేది.

శనివారం మాత్రం పండుగే. పెద్ద గంజులో పులిహోర కలిపేదాన్ని. కరివేపాకు డీప్ ఫ్రీజర్లోంచి తీసి, కొబ్బరి కూడా గడ్డకట్టిన కోరు ప్యాకెట్టే. బయట కొత్త కార్లకు పూజలు. మంచులో నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడానికి ఆయన వంగుతుంటే నడుం పట్టేసేది. ఒకసారి హోమం పొగకు అలారం మోగి ఫైరింజనే వచ్చేసింది. ఆ హెల్మెట్ల పిల్లలు బూట్లు విప్పి లోపలికి వచ్చి, సంగతి తెలుసుకొని, పులిహోర తినిపోయారు.

నా పుట్టిల్లు ముథోల్. అమ్మవారి బాసర మాకు దగ్గర. అందుకే అక్షరాభ్యాసం ఉందంటే నాకు ఉత్సాహం. ఒక తండ్రి పలక బదులు ఐప్యాడ్ తెచ్చాడు. నా పెట్టెలో బాసర నుంచి తెచ్చుకున్న పలకలు నాలుగున్నాయి, ఒకటి తీసిచ్చాను. ఆ పిల్ల బలపం కొరికి చూసింది. ఏ దేశంలో పుట్టినా పిల్లలు పిల్లలే.

రాత్రిళ్లు ఫోన్లు వచ్చేవి. ఇండియాలో తండ్రి పోయాడు, టికెట్ దొరకలేదు, ఇక్కడ నేనేం చేయాలి అయ్యగారూ అని. ఆయన మంచం మీద లేచి కూర్చొని, ఏ దిక్కుకు తిరగాలో, ఏం తలచుకోవాలో, గంటసేపు మెల్లగా చెప్పేవారు. కొందరు ఏమీ అడిగేవారు కాదు, ఏడ్చేవారు. అది కూడా వినేవారు.

2015 జూలైలో గోదావరి పుష్కరాలు. పన్నెండేళ్లకొకసారి వచ్చే పండుగ, సొంత ఊరి నది, మేము లేము. ఆయన ఆ పన్నెండు రోజులూ టీవీ పెట్టలేదు. అత్తమ్మ ఫోన్లో "నీకోసం పుష్కర నీళ్లు రాగి చెంబుల పట్టి మూతికి మైనం వేయించి పెట్టిన బిడ్డా, వచ్చినంక తలమీద చల్లుకో" అన్నది.

ఆరు నెలలకే, 2016 జనవరిలో, పుష్య పౌర్ణమి శనివారం వచ్చింది. సామూహిక సత్యనారాయణ వ్రతాలు. పదిహేను జంటలు పీటల మీద కూర్చున్నారు, మా వారు కథ చెప్తున్నారు. ప్రసాదం చేసి దించి, మూత పెట్టి, చేతులు కడుక్కుంటున్నాను. సరిగ్గా ఆరింటికి ఫోను. అక్కడ మరునాటి తెల్లవారుజాము నాలుగున్నర.

"వదినా, అమ్మ పోయింది" అన్నాడు మరిది. "నిద్రలోనే."

ఇప్పుడు చెప్తే ఆయనకు మైల. ఉన్నపళంగా పీట మీది నుంచి లేవాలి. ఆ వారం వేరే పంతులు లేడు. పదిహేను జంటల వ్రతం మధ్యలో ఆగిపోతుంది. అందులో ఒకామె పిల్లల కోసం మొక్కుకొని నాలుగు గంటలు కారులో వచ్చింది. కానీ లోపల ఉన్న ఆయన పెద్దకొడుకు. పోయింది ఆయన తల్లి.

మైల నాకైతే వచ్చేసింది. ఇంకేదీ ముట్టుకోకుండా, వడ్డన చూసుకోమని ఒకమ్మాయికి చెప్పి, పార్కింగులోకి వెళ్లి నిలబడ్డాను. మంచు పడుతున్నది. కిటికీలోంచి ఆయన గొంతు వినబడుతున్నది. మూడో కథ, నాలుగో కథ, అయిదో కథ. అంత పొడుగు కథ నా జన్మలో వినలేదు.

హారతి అయి, తీర్థం ఇచ్చి బయటికి వచ్చారు. చెప్పాను. "ఎప్పుడు?" అన్నారు. "మన ఆరింటికి." గోడ గడియారం చూశారు. ఏడుకు పది తక్కువ.

"శాస్త్రంలో దోషం లేదు. విననంత వరకు మైల లేదు" అన్నారు. కాసేపటికి, "విన్నది నువ్వు" అన్నారు. అంతే.

వెళ్లడానికి లేకపోయింది. సరిగ్గా అప్పుడే మా వీసా పొడిగింపు కాగితాలు నడుస్తున్నాయి. పోతే మళ్లీ హైదరాబాద్‌లో స్టాంపింగ్, ఎన్ని రోజులో చెప్పలేమన్నాడు లాయరు. మరిది కొరివి పెట్టాడు. రాత్రి పదకొండున్నరకు స్కైప్‌లో గోదావరి ఒడ్డు చూశాం. బొమ్మ ఆగి ఆగి వచ్చేది. ఎన్ని వందల మందికో ఆ రేవులో దగ్గరుండి చేయించిన మనిషి, తన తల్లికి బాత్‌టబ్‌లో నిలబడి గోదావరిని తలచుకొని నీళ్లు పోసుకున్నారు.

ఆ పది రోజులు గుడి తలుపు మేము తీయలేదు. వేరే ఊరి నుంచి పంతులు వచ్చి చూసుకున్నారు. వరంగల్ అమ్మాయి ఒకామె, డాక్టరు, రోజూ గుమ్మం దగ్గర స్టీలు డబ్బాలో అన్నం పెట్టి వెళ్లేది. "మా నాన్న పోయినప్పుడు రాత్రి రెండింటికి అయ్యగారు నా ఫోను ఎత్తారమ్మా" అన్నది. పక్కింటి అమెరికన్ ముసలామె మా మెట్ల మీద మంచు తీయించి, కేకు తెచ్చి ఇచ్చింది. గుడ్డు ఉంటుందని మేము తినలేదు. కానీ ఆ పళ్లెం కడిగి తిరిగిస్తూ ఆమె చేతులు పట్టుకొని ఏడ్చింది నేనే.

పెద్దలను అడిగి, శుద్ధి చేసుకొని మళ్లీ గుడిలోకి వెళ్లారు. నాతో మాట్లాడేవారు, నవ్వేవారు. ఆ ముప్పావుగంట ఊసు మాత్రం ఎత్తలేదు. నేనూ అడగలేదు. తప్పు చేశానా అని అడిగితే అవునంటారేమోనని భయం.

మరుసటి చలికాలం ఒక రాత్రి ఒకామె ఫోను చేసింది. నిజామాబాద్‌లో మామగారు పోయారు, భర్త ఆఫీసు నుంచి మంచులో కారు నడుపుకుంటూ వస్తున్నాడు, ఇప్పుడే చెప్పాలా అని. నేను వంటింట్లో ఉన్నాను. ఈయన కొంచెంసేపు ఏమీ అనలేదు.

"ఇల్లు చేరనియ్యమ్మా. కాళ్లు కడుక్కొని కూర్చున్నంక చెప్పు" అన్నారు. "ఆ లోపల నీకు కష్టంగా ఉంటది. ఓర్చుకో."

ఫోను పెట్టేసి, మంచినీళ్లు అడిగారు. ఇచ్చాను.

2018లో తిరిగొచ్చాం. కరీంనగర్ జిల్లా ధర్మపురి నుంచి బయల్దేరి జగిత్యాల జిల్లా ధర్మపురికి చేరాం. ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న నా పుట్టిల్లు నిర్మల్ జిల్లాకు పోయింది. రాష్ట్రమే మారింది. దేవుని గదిలో రాగి చెంబు మాత్రం అత్తమ్మ పెట్టిన చోటనే ఉంది, మైనంతో సహా. ఆయన దాన్ని రోజూ తుడిచి బొట్టు పెడతారు, తెరవలేదు. 2027లో మళ్లీ పుష్కరాలు. ఆ రోజు రేవులో దిగి, దాన్ని తలమీద పోసుకుంటారట.

అర్ధరాత్రి ఫోన్లు ఇప్పటికీ వస్తాయి. వాళ్లకది పగలు. ఆయన అరుగు మీదికి పోయి మాట్లాడుతుంటారు, నేను తలుపు దగ్గర కూర్చుంటాను.