పందెం సొమ్ములో ప్రభుత్వ వాటా

అక్టోబరు 4, 2025. లైప్‌జిగ్
హాలే నుంచి వస్తుంటే రైల్లో మనవాడొకడు కలిశాడు. వరంగల్ కుర్రాడు, మాస్టర్స్ చేస్తున్నాడు. ఫోన్లో స్లాట్ ఆట: పండ్ల బొమ్మలు గిర్రున తిరుగుతున్నాయి. ఒక నొక్కుకి ఒక యూరో, అంతకు మించి పెట్టనివ్వరు. మళ్ళీ నొక్కాలంటే అయిదు సెకన్లు ఆగాలి. ఆ అయిదు సెకన్లూ వాడి బొటనవేలు అద్దానికి వెంట్రుకవాసి పైన ఆగి ఉంది. "లైసెన్సున్నదే అన్నా, దొంగ సైటు కాదు" అన్నాడు, నేనేమీ అడక్కుండానే.

అక్టోబరు 5
ఆ యూరో, అయిదు సెకన్ల నిబంధనలు జూదంపై జర్మనీ రాష్ట్రాలు చేసుకుని, 2021 జులై 1న అమల్లోకి తెచ్చిన ఒప్పందంలోవి. స్లాట్ ఆటల మీద పన్ను 5.3 శాతం. అది కంపెనీ లాభం మీద కాదు, పెట్టిన ప్రతి పందెం మీద. గెలిచింది మళ్ళీ పెడితే దానిమీదా పన్నే. అయిదు సెకన్లకొకటి చొప్పున గంటకు 720 నొక్కులు; యూరోకి అయిదు సెంట్లనుకున్నా ఖజానాకి 36 యూరోలు. ఆ గంటలో కుర్రాడు గెలిచాడా, మునిగాడా అన్నదానితో నిమిత్తం లేదు. వాడు లేవకుండా కూర్చుంటే చాలు.

అక్టోబరు 9
డిపాజిట్ పరిమితి అన్ని సైట్లకూ కలిపి నెలకు 1000 యూరోలు. మంచి నిబంధనే. కానీ ఇక్కడికి చదువుకోవడానికి వచ్చే మన పిల్లలు వీసా కోసం బ్లాక్డ్ అకౌంటులో చూపించేది ఏడాదికి 11,904 యూరోలు. నెలకు చేతికొచ్చేది 992. అద్దె, తిండి, ఇన్సూరెన్స్ అన్నీ అందులోనే. అలాంటి కుర్రాడి బతుకంతా ఆ పరిమితి లోపలే ఊడ్చుకుపోవచ్చు! ఈ లెక్క నన్ను నిద్రపోనివ్వలేదు.

అక్టోబరు 12
2006 మార్చి 28న కార్ల్స్‌రూహెలోని రాజ్యాంగ న్యాయస్థానం స్పష్టంగానే చెప్పింది: పందేలపై ప్రభుత్వ గుత్తాధిపత్యానికి ఖజానా అవసరం ఒక్కటే సమర్థన కాజాలదు, వ్యసనాన్ని అరికట్టడమే దాని పని కావాలి. ఇప్పటి ఒప్పందం లక్ష్యాల్లోనూ రాబడి మాట లేదు. మరి పన్ను మాత్రం ఆట సాగినకొద్దీ పెరుగుతోంది.

అక్టోబరు 15
మన దగ్గర తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. కేంద్రం 2023 అక్టోబరు నుంచి వాటిమీద 28 శాతం జీఎస్టీ వేసింది. మొన్న ఆగస్టులో చట్టం చేసి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ వద్దంది. నేను నిషేధం కోరను. 2021కి ముందు ఇక్కడా ఒక్క రాష్ట్రంలో తప్ప ఈ స్లాట్లు నిషేధమే; జనం మాల్టా నుంచి నడిచే సైట్లలో ఆడారు. లైసెన్సు ఉండాలి, పన్ను ఉండాలి. ఆ పన్ను మాత్రం ముందు వ్యసన చికిత్సకే పోవాలి, ఆ తర్వాతే బడ్జెట్‌కి.

అక్టోబరు 18
ఇక్కడి మన పిల్లలకు, వాళ్ళ గది స్నేహితులకు ఒక మాట. ఓయాసిస్ అనే నిరోధక జాబితా ఉంది, డార్మ్‌స్టాట్‌లోని ప్రభుత్వ కార్యాలయం నడుపుతుంది. అందులో పేరు చేరితే లైసెన్సున్న ఏ స్లాట్ సైటూ ఆడనివ్వదు. ఎవరి పేరు వాళ్ళే ఇచ్చుకోవచ్చు, ఇంట్లోవాళ్ళూ దరఖాస్తు పెట్టవచ్చు. అద్దె డబ్బు ముట్టుకోకముందే పెట్టండి.