పింగ్ ఎర్రబడింది

జూన్ 15, 2025, ఆదివారం

నెట్ షాపు షట్టరు సగం దించాను. మెట్ల మీది నలుగురు కదలలేదు. కదలరు కూడా. లోపలి వైఫై గోడ దాటి ఆ మెట్ల మీదికి వచ్చినంత బాగా ఊళ్లో ఇంకెక్కడికీ రాదు. ఫ్రీ ఫైర్ మాక్స్ నడుస్తోంది. స్క్రీన్ మూల పింగ్ అంకె, అంటే మన మాట సర్వర్‌కి పోయి రావడానికి పట్టే టైము, పచ్చగా ఉన్నంతసేపూ కబుర్లు, పసుపుకి తిరిగితే అందరూ గప్‌చుప్, ఎర్రబడిందా ఇక బూతులే.

"అన్నా, లోపల ఎవురైనా అప్‌లోడ్ పెట్టినారా?" అన్నాడు తొమ్మిదో తరగతి కుర్రాడు.

డౌన్‌లోడ్ అనలేదు, అప్‌లోడ్ అన్నాడు. నిజమే, పెళ్లి ఫొటోలాయన ఆల్బమ్ ప్రెస్సుకి పంపుతూ సిస్టమ్ వదిలేసి టీ తాగడానికి వెళ్లాడు. ఇక్కడికొచ్చే పెద్దవాళ్లకు నెట్ 'ఉంది', 'లేదు' అనేంత వరకే తెలుసు. వీడికి అది ఏ పక్కన ఇరుక్కుందో కూడా తెలుసు.

రూటర్ ఎవరినీ పొమ్మనదు. వచ్చిన ప్రతి ముక్కనూ వరసలో నిలబెడుతుంది. ఈ నెల ఒకటో తారీఖు నుంచి మళ్లీ రేషన్ షాపులు తెరిచారు కదా, అక్కడ సంచులు పట్టుకుని ఇరవైమంది నిలబడ్డాక ఒక్క పంచదార పొట్లం కోసం వచ్చినవాడి గతేమిటో, ఫొటోల వెనక చిక్కుకున్న ఆ కుర్రాడి తుపాకీ గుండు గతీ అంతే. ఈ జబ్బును జిమ్ గెటిస్ అనే ఇంజనీరు 2010 ప్రాంతంలో తన ఇంట్లోనే పట్టుకుని, బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. మందు కూడా చిన్నదే. రూటర్ సెట్టింగుల్లో అప్‌లోడ్‌కి, లైను మోయగలిగినదానికంటే కాస్త తక్కువలో హద్దు పెట్టాలి. పెట్టేశాను. పింగ్ పచ్చబడింది. ఫొటోలాయన టీ తాగొచ్చి, "ఏంటి, ఇంకా ఎక్కలేదా?" అని నా మీద విసుక్కున్నాడు.

జూన్ 19

కేబుల్ కనెక్షన్లు అమ్మే కుర్రాడు వచ్చి వంద ఎంబీపీఎస్ ప్లాన్ అంటగట్టబోయాడు. పింగ్ ఎంత వస్తుందన్నాను. స్పీడ్ టెస్ట్ పెట్టి పెద్ద అంకె చూపించాడు. అది కాదు, దాని కింద చిన్నక్షరాల్లో ఉన్నది చూపించమన్నాను. వేలితో పైకి జరిపేశాడు.

ఫ్రీ ఫైర్ లాంటి ఆట గంటసేపు ఆడినా వంద ఎంబీ కూడా ఖర్చు కాదు. ఎవడెక్కడున్నాడు, ఎటు తిరిగాడు, కాల్చాడా లేదా, పోయేది వచ్చేది ఈ కాసిని అంకెలే. బొమ్మలన్నీ ముందే ఫోన్‌లో ఉంటాయి. పెద్ద పైపు అక్కర్లేదు, సన్నధారైనా తెగకుండా రావాలి. కానీ 'నిలకడగా వస్తుంది' అని ఏ గోడ మీదా పోస్టర్ చూడలేదు. అన్నీ స్పీడు, డబుల్ స్పీడు.

జూన్ 30

శాటిలైట్ నెట్ ఇచ్చే స్టార్‌లింక్‌కి ఈ నెలలో కేంద్రం లైసెన్స్ ఇచ్చింది. అప్పటినుంచి కుర్రాళ్లు చేరే వాటర్ ట్యాంక్ కింద ఇదే చర్చ. "శాటిలైట్ అంటే ఆకాశంలోంచి అన్నా, ఇంకా లేటు కదా" అని ఒకడి వాదం. బ్యాంకుల మీద కనిపించే పెద్ద డిష్షుల సంగతైతే వాడన్నది నిజం. అవి చూసే ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పైకెళ్లి కిందికి దిగి, జవాబు మళ్లీ అదే దారిన వచ్చేసరికి వెలుగు వేగంతో పోయినా అర సెకను దగ్గరికొస్తుంది. ఫ్రీ ఫైర్‌లో అర సెకనంటే శవం లేచి నడవడమే. స్టార్‌లింక్ ఉపగ్రహాలు తిరిగేది 550 కిలోమీటర్ల ఎత్తున. ఎత్తు సంగతి చెప్పాక వాడు ధర అడిగాడు. చర్చ అక్కడితో సరి.

జూలై 3

డాలస్ నుంచి బావ ఫోన్. పిల్లలకి సెలవులట, వాళ్లూ ఇక్కడి మేనమామ కొడుకులూ కలిసి ఆడుకోవాలట.

"మాది వెయ్యి ఎంబీపీఎస్ బావా, ఏ ఇబ్బందీ లేదు. మీ వైపే ఏదైనా చూడు."

చూడడానికేముంది. ఆట సర్వర్ ముంబైలో ఉందనుకుంటే, డాలస్ నుంచి అక్కడికి గీత గీసినట్టు పోయినా పధ్నాలుగు వేల కిలోమీటర్లు. గాజు తీగలో వెలుగు సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లే పోతుంది. పోను డెబ్బై మిల్లీసెకన్లు, రాను డెబ్బై. సముద్రాల కింద కేబుల్ తిన్నగా పోదు, ఒడ్డు ఒడ్డుకీ ఆగుతూ వంకరలు తిరుగుతుంది కాబట్టి నిజంగా తేలేది 250 పైమాటే. వాటర్ ట్యాంక్ మెట్ల మీద రెండు ఎంబీపీఎస్ సిమ్ము పెట్టుకుని ఆడే మనవాడిదీ చాలా సాయంత్రాలు అంతే. ముంబై సర్వర్ ముందు వెయ్యి ఎంబీపీఎస్ బావ కొడుకూ ట్యాంక్ మెట్ల కుర్రాడూ ఒకే బంతిలో కూర్చున్నారు.

ఈ మాటే చెబితే, "అయితే ఇంకా మంచి ప్లాన్ తీసుకోవాలంటావా?" అన్నాడు బావ.

జూలై 12, శనివారం

మధ్యాహ్నం నల్లమల మీద మబ్బు దిగింది. గిద్దలూరు వైపు ఇంకా ఎండే. వాన ఊళ్లోకి రాకముందే పింగ్ 999 చూపించింది. పిల్లలకిది ఖాయమైన వాన గుర్తు. బట్టలు ఆరేసిన వాళ్లమ్మలకు వీళ్లే కేకేసి చెబుతారు.

మా టవర్‌కి నేలలో తీగ లేదు. కొండవారున్న ఇంకో టవర్‌తో గుండ్రటి డిష్ ద్వారా మాట్లాడుతుంది. మధ్యలో గట్టి వాన పడితే ఆ తరంగాల్ని చినుకులే తాగేస్తాయి. ఫోన్‌లో సిగ్నల్ గీతలు మాత్రం నిండుగానే కనిపిస్తాయి, ఎందుకంటే అవి ఫోనుకీ మా టవర్‌కీ మధ్య సంగతి. టవర్ వెనక ఏం తెగిందో వాటికేం తెలుసు. "ఫుల్ సిగ్నల్ ఉంది, నెట్ రాదు" అని రోజూ షాపుకొచ్చి నన్ను నిలదీసేవాళ్లకు ఇది ఎన్నిసార్లు చెప్పినా, నేనేదో దాస్తున్నట్టే చూస్తారు.

కరెంటు పోతే ఇంకో కథ. టవర్ బ్యాటరీ ఉన్నంతసేపే. అది దిగిపోయే వేళ పిల్లలకు బాగా తెలుసు, ర్యాంక్ మ్యాచ్ మొదలుపెట్టాలా వద్దా అని లెక్కలేస్తారు.

జూలై 20, ఆదివారం

ఇవాళ గొడవ కొట్లాటదాకా వెళ్లింది. ట్రాక్టరాయన కొడుకు గ్లూ వాల్ వేసుకుని చాటుకి దూరాడు. పూర్తిగా దూరాడు, నేను పక్కనే ఉండి చూశాను. గోడ వెనక ఒక అడుగు కూడా వేశాడు. అప్పుడు చచ్చాడు.

"హ్యాక్ రా, వాడు హ్యాకరు!"

హ్యాకరూ కాదు, పాడూ కాదు. కాల్చినవాడి ఫోన్‌లో వీడింకా గోడ బయటే ఉన్నాడు. ఎవరి ఫోన్‌లో చూసినా ఎదుటివాడు కాస్త పాతవాడే, పింగ్ ఎంతుంటే అంత పాత. మరి తీర్పు ఎవరి కళ్లతో చెప్పాలి? సర్వర్ కాలాన్ని కాస్త వెనక్కి తిప్పి, కాల్చిన క్షణాన కాల్చినవాడికి ఏం కనిపించిందో దాన్నిబట్టి తేల్చే పద్ధతి ఒకటుంది. వాల్వ్ కంపెనీ ఇంజనీరు యాన్ బెర్నియర్ 2001లో దాని గురించి వివరంగా రాశాడు. గురి చూసి కొట్టినవాడికి న్యాయం జరుగుతుంది. చాటుకెళ్లినవాడు గోడ వెనక కూలిపోతాడు. రెండూ ఒకేసారి కుదరవు.

అంతకుముందు 1996లో జాన్ కార్మాక్ తన క్వేక్ ఆటను తిరగరాసినప్పుడు ఆలోచించింది కూడా ఫోన్ లైన్ మీద మోడెమ్‌తో ఆడేవాళ్ల గురించే. సర్వర్ జవాబు వచ్చేదాకా ఆగకుండా, మన బొమ్మను మన మిషనే ముందు నడిపించేస్తుంది. తర్వాత సర్వర్ ఒప్పుకోకపోతే వెనక్కి లాగుతుంది. పిల్లలు "రబ్బర్ లాగినట్టు అయితాంది" అనేది ఆ లాగుడే. అంటే ఈ ఆటల్లో సగం తెలివి నెమ్మది నెట్‌కి పూసిన మందు. ఆ మందు కనిపెట్టాల్సొచ్చింది కూడా మా ట్యాంక్ మెట్ల కుర్రాళ్లలాంటి వాళ్ల వల్లే. అమెరికాలో కూర్చున్నారు, అంతే తేడా.

పద్ధతి ఏదైనా దానికి తగ్గట్టు మెలగడం వీళ్లకి ఎవరూ నేర్పలేదు. పింగ్ ఎర్రగా ఉన్నరోజు ఎదురుపడి కాల్చరు. గ్లూ వాల్ అవసరం వచ్చాక కాదు, వస్తుందనిపించినప్పుడే వేస్తారు. పరిగెత్తేవాడి మీద కాకుండా వాడు చేరబోయే చోట గురిపెడతారు. స్క్వాడ్‌లో ఎవడి నెట్ బాగుంటే ముందు వాడు, బాగాలేనివాడు వెనక ఉండి మందులు మోయాలి. ట్రాక్టరాయన కొడుకు ఎప్పుడూ వెనకే. ఇవాళ ముందుకొచ్చాడు, దానికే ఇంత గోల.

జూలై 28, సోమవారం

బటూమిలో మహిళల చెస్ ప్రపంచ కప్ ఫైనల్, టైబ్రేక్. మన కోనేరు హంపి, నాగ్‌పూర్ అమ్మాయి దివ్య దేశ్‌ముఖ్. వీడియో పెడితే చక్రం తిరుగుతూనే ఉంది. ఎత్తులు మాత్రమే వచ్చే పేజీ తెరిచాను. ఒక్కో ఎత్తుకి నాలుగైదు అక్షరాలు, ఎంత చచ్చిన నెట్ అయినా వాటిని మోస్తుంది. దివ్య గెలిచింది. ఇంటి పక్షపాతం వల్ల బాధేసింది గానీ ఆ పిల్ల గెలుపును కాదనలేం.

ఇద్దరూ 2020 ఆగస్టులో ఒకే జట్టు. ఆన్‌లైన్ ఒలింపియాడ్ ఫైనల్లో రష్యా మీద ఆడుతుంటే ప్రపంచమంతా నెట్ అంతరాయం వచ్చి, దివ్యకీ, అదే జట్టులోని నిహాల్ సరీన్‌కీ కనెక్షన్ తెగి, గడియారం అయిపోయి ఓడిపోయారు. ఇండియా అప్పీల్ చేస్తే రెండు దేశాలకూ స్వర్ణం ఇచ్చారు. అంతకు రెండు రౌండ్ల ముందు నిహాల్ మీద ఆడుతున్న ఆర్మేనియా ఆటగాడికి నెట్ తెగింది. ఆ అప్పీల్ మాత్రం కొట్టేశారు. ఆర్మేనియా పోటీనుంచే తప్పుకుంది. మనవాళ్ల స్వర్ణం చెప్పుకునే చోట ఆ ఆర్మేనియా సంగతి ఎవరూ ఎత్తరు. నాకు మాత్రం రెండూ కలిపి చెబితేనే ఆ పతకం పూర్తిగా కనిపిస్తుంది.

సాయంత్రం ట్యాంక్ దగ్గర ఈ కథ చెబితే ఒకడు వెంటనే, "అప్పీల్ ఏడ చెయ్యాలన్నా మనం?" అన్నాడు.

ఆగస్టు 3

పక్క ఊరి రిటైర్డ్ మాస్టారితో నా చదరంగం లిచెస్‌లో నడుస్తోంది, ఎత్తుకి మూడు రోజుల గడువు మీద. తిబో దుప్లెసి అనే ఫ్రెంచాయన 2010లో మొదలుపెట్టిన సైటు. ప్రకటనలుండవు, రూపాయి అడగదు, మా నెట్ మీద కూడా ఇట్టే తెరుచుకుంటుంది. మాస్టారు రాత్రి గుర్రాన్ని ముందుకి దూకించి వెంటనే ఫోన్ చేశారు.

"చూశావా?"

"ఇంకా లేదు మాస్టారూ, నెట్ లేదు."

"అయితే చెప్పను. రేపు చూసి ఏడువు."

ఆగస్టు 23, శనివారం

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించే చట్టం నిన్న రాష్ట్రపతి ఆమోదం పొందింది. పొద్దున్నే ఇద్దరు వచ్చారు, యాప్‌లో ఇరుక్కున్న డబ్బు బయటికి తీసిపెట్టమని. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీ 2020లోనే నిషేధం, తెలంగాణలో 2017లోనే. అయినా ఎలా ఆడారని అడగలేదు, చెప్పబోతే వద్దన్నాను.

ఒకటి మాత్రం ఎప్పటినుంచో చూస్తున్నాను. రమ్మీకి పింగ్ అక్కర్లేదు. ముక్క వేయడానికి ఇరవై ముప్పై సెకన్లు టైముంటుంది, వాన పడ్డా, టవర్ మూలిగినా ఆట సాగుతుంది. పైసా ఖర్చులేకుండా గోలగోలగా ఆడుకునే పిల్లల ఆట రోజుకి పదిసార్లు తెగుతుంది, కొంపలు ముంచే ఆట ఒక్కసారీ తెగదు. మా చుట్టుపక్కల ఊళ్లలో పొలం తాకట్టు పెట్టించింది ఈ నెమ్మది నెట్టే.

ఆగస్టు 28

నిన్న చవితి. రాత్రి పందిట్లో కాపలాకి కూర్చున్న కుర్రాళ్లకి నెట్ బొత్తిగా లేదు. మైకు, సీరియల్ బల్బులు, ఊరు ఊరంతా వీడియోలు స్టేటస్‌లో పెట్టడం, టవర్ చేతులెత్తేసింది. పాతికేళ్లు దాటినవాడొకడు, "మినీ మిలీషియా ఉందా ఎవడి దగ్గరైనా?" అన్నాడు. పదేళ్ల కిందట హాస్టళ్లన్నీ ఊగిపోయిన ఆట. ఒక ఫోన్ హాట్‌స్పాట్ పెడితే మిగిలినవాళ్లంతా దానికి తగులుకుంటారు. సిమ్ము అక్కర్లేదు, ముంబై అక్కర్లేదు. యాప్‌ని ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి పంపుకున్నారు.

చిన్నవాళ్లకి మొదట చేతులు ఆడలేదు. ముందే కాల్చేస్తున్నారు, ముందే దూకేస్తున్నారు. అర సెకను ముందుండడం వేళ్లకి పట్టేసింది మరి. ట్రాక్టరాయన కొడుకు నొక్కిన క్షణానే తుపాకీ పేలేసరికి ఉలిక్కిపడి ఫోన్ తిప్పి చూసుకున్నాడు. ఆ తర్వాత వాణ్ణి ఆపడం ఎవరి వల్లా కాలేదు. రెండింటిదాకా వాడిదే. ఎప్పుడూ ముందుండే వైఫై కుర్రాడు ఓడి, ఓడి, ఫోన్ వేడెక్కిందని వంక పెట్టి లేచిపోయాడు.

సెప్టెంబరు 6, శనివారం

నిమజ్జనం అయ్యాక కూడా ఆ ఆట పట్టు వదల్లేదు. దసరా సెలవుల్లో పోటీ పెడతారట. మనిషికి ఇరవై రూపాయలు ఎంట్రీ, గెలిచినవాడికి అంతా. నా షాపులో పాంప్లెట్ టైపు చేయించుకోవడానికి వచ్చారు.

"డబ్బులు పెడితే చట్టం ఒప్పుకోదురా."

"అది ఆన్‌లైన్‌కి కదన్నా. మాకు నెట్టే లేదు కదా!"

జవాబు తోచలేదు. ఎంట్రీ తీసేసి, బహుమతిగా నా షాపు తరఫున డేటా రీచార్జ్ ఇస్తానన్నాను. ట్రాక్టరాయన కొడుకు అడ్డం పడ్డాడు. డేటా ఏం చేసుకోవాలట వాడు. బిర్యానీ అయితే సరేనన్నాడు. పాంప్లెట్‌లో బిర్యానీ అనే కొట్టాను.